టాక్‌లో జామెట్రీ ఎక్కడుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: కమ్యుటేటివ్ ఆల్జీబ్రా (కూడికలూ గుణకారాలూ కుదిరే, గుణకారంలో వరస మారినా ఫలితం మారని రింగుల గణితం) మీద, దానికీ జామెట్రీకీ ఉన్న సంబంధాల మీద జరిగే రీసెర్చ్ టాక్‌లు. అందుకే వేరే ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు వాయిదా వేసి, దీనికే చోటంతా ఇస్తున్నాం.

ప్రశ్న: ఎమ్మెస్సీలో రింగులు, ఐడియల్స్, మాడ్యూల్స్ అన్నీ చదివాను, మార్కులూ బాగానే వచ్చాయి. రీసెర్చ్ టాక్‌కి వెళ్తే మాత్రం పావుగంట దాటాక ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. టాక్ పేరులో 'జామెట్రీతో సంబంధాలు' అని ఉంటుంది, తీరా చూస్తే గంటసేపూ బోర్డు మీద ఒక్క బొమ్మ ఉండదు. అసలు ఆ జామెట్రీ ఎక్కడుంది సర్?

జవాబు: రింగులోనే ఉంది. దాన్ని బయటికి తీయడం వినేవాళ్ళందరికీ వచ్చనుకుని స్పీకర్ ముందుకు వెళ్ళిపోతారు, మీరు వెనకబడిపోయేది అక్కడే. తీయడం ఎలాగో ఒకసారి చేత్తో చేసి చూద్దాం, కాగితం పెన్ను దగ్గర పెట్టుకోండి.

వై² = ఎక్స్³ అనే వక్రం గీస్తే మూలబిందువు దగ్గర మొనదేలి ఉంటుంది. ఇప్పుడు ఆ బొమ్మ చెరిపేయండి. మిగిలింది ఒక రింగు మాత్రమే: ఎక్స్, వైలలో బహుపదులు, కాకపోతే వై² ఎక్కడ వచ్చినా దాని బదులు ఎక్స్³ రాసుకోవచ్చు. అక్కడ మొన ఉందన్న సంగతి ఈ రింగుకి తెలుసా? తెలుసు. మూలబిందువు దగ్గర సున్నా అయ్యే ఫంక్షన్లన్నీ కలిసి ఒక మాక్సిమల్ ఐడియల్ అవుతాయి, దాన్ని ఎమ్ అందాం. ఎమ్‌లోంచి ఎమ్²ని పక్కన పెట్టేస్తే మిగిలే వెక్టర్ స్పేస్ డైమెన్షన్ 2, ఎందుకంటే మన సమీకరణంలో మొదటి డిగ్రీ పదం లేదు కాబట్టి ఎక్స్, వై రెండూ నిలబడతాయి. వక్రం డైమెన్షన్ మాత్రం 1. ఈ రెండూ సమానమైతే వక్రం ఆ బిందువు దగ్గర నునుపుగా ఉన్నట్టు, మొదటిది ఎక్కువైతే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు. టాక్‌లో 'రెగ్యులర్ లోకల్ రింగ్' అని వినపడిన ప్రతిసారీ అడుగుతున్నది ఇదే: ఈ బిందువు దగ్గర నునుపేనా?

ఇంకో అడుగు వేద్దాం, అసలు అందం ఇక్కడుంది. వక్రం మీద వైని ఎక్స్‌తో భాగించి దానికి టి అని పేరు పెడితే, ఎక్స్ = టి², వై = టి³. అంటే మన రింగు టిలో ఉన్న బహుపదుల్లో కొన్నే, మొదటి డిగ్రీ పదం లేనివి. ఇంకోలా చెప్పాలంటే సున్నా దగ్గర డెరివేటివ్ సున్నా అయ్యే బహుపదులు. ఇప్పుడు వై² = ఎక్స్²(ఎక్స్+1) తీసుకోండి. ఇది మూలబిందువు దగ్గర తనను తానే దాటుకుంటూ పోయే వక్రం. ఇక్కడా టి అంటే వై బై ఎక్స్ అనుకుంటే ఎక్స్ = టి²−1, వై = టి(టి²−1). టి = 1 పెట్టినా టి = −1 పెట్టినా చేరేది మూలబిందువుకే. అందుకని ఈ రింగులో మిగిలేవి 1 దగ్గరా −1 దగ్గరా ఒకే విలువ ఉన్న బహుపదులు. మొదటిదాంట్లో సరళరేఖని ఒకచోట నొక్కేశాం, రెండోదాంట్లో దాని మీది రెండు బిందువులను అతికించాం. రెండుచోట్లా రింగులో లేని టిని తెచ్చి కలిపితే మళ్ళీ మామూలు సరళరేఖ వచ్చేస్తుంది. స్పీకర్ 'ఇంటెగ్రల్ క్లోజర్ తీసుకుందాం' అని ఒక్క ముక్కలో చెప్పి దాటేసే పని ఇదే: నొక్కినదాన్ని విప్పడం, అతికించినదాన్ని విడదీయడం.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. ఎన్ని బహుపది సమీకరణాలు ఇచ్చినా వాటిలో పరిమితమైనన్ని ఉంటే చాలని హిల్బర్ట్ 1890లో నిరూపించాడు. కాంప్లెక్స్ సంఖ్యల మీద బిందువులకూ మాక్సిమల్ ఐడియల్స్‌కూ ఒకదానికొకటి లెక్క సరిపోతుందనే మాట ఆయనే 1893లో నిరూపించిన సిద్ధాంతం నుంచి వస్తుంది. ఆకారాన్ని దాని ముక్కలుగా విడదీసినట్టే బహుపదుల ఐడియల్‌ని విడదీయొచ్చని 1905లో చూపించింది ఎమాన్యుయెల్ లాస్కర్, అవును, చదరంగంలో ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న ఆ లాస్కరే. 1921లో ఎమ్మీ నోథర్ బహుపదులను పక్కన పెట్టి, ఐడియల్స్ పెరుగుతూ పోయే గొలుసు ఎక్కడో ఒకచోట ఆగుతుందన్న ఒక్క షరతు మీద ఈ పనంతా మళ్ళీ కట్టింది, ఈ సబ్జెక్టు ఇప్పటికీ నిలబడింది ఆవిడ వేసిన పునాది మీదే. 1960 నుంచి గ్రోథెండిక్ దీన్ని పూర్తిగా తిరగేశాడు: ఏ కమ్యుటేటివ్ రింగు ఇచ్చినా దాన్ని ఒక ఆకారంగా చూడొచ్చు, పూర్ణసంఖ్యల రింగుతో సహా, అక్కడ ప్రధాన సంఖ్యలే బిందువులు. ఆ తర్వాత టాక్‌లో బొమ్మ గీయడం తగ్గిపోయింది, ఎందుకంటే చాలా ఆకారాలు గీయడానికి వీలయ్యేవి కావు. బొమ్మ అవసరం మాత్రం తగ్గలేదు.

ప్రశ్న: ఏ టాక్‌కి వెళ్ళినా 'డెప్త్', 'కోహెన్–మెకాలే' అన్న మాటలు తప్పకుండా వస్తాయి. నిర్వచనం కంఠతా వచ్చు. దాని అర్థం మాత్రం ఇంతవరకూ తట్టలేదు. రెగ్యులర్ సీక్వెన్స్ ఉంటే ఏమొచ్చింది, లేకపోతే ఏం పోయింది?

జవాబు: పోయేది లెక్క. కంఠతా పట్టిన నిర్వచనం కన్నా ఈ ఒక్క ఉదాహరణ మీకు ఎక్కువ పనికొస్తుంది.

నాలుగు డైమెన్షన్ల స్థలంలో రెండు సమతలాలు తీసుకోండి, ఒకదాని మీద ఎక్స్, వై సున్నా, రెండోదాని మీద జెడ్, డబ్ల్యూ సున్నా. రెండూ మూలబిందువు దగ్గర మాత్రమే కలుసుకుంటాయి. ఈ జంటని ఇంకో సమతలంతో కోద్దాం: ఎక్స్−జెడ్ = ఎ, వై−డబ్ల్యూ = బి. ఎ, బి రెండూ సున్నా కానంతవరకు ఈ కోత ఒక్కో తలాన్ని ఒక్కో బిందువు దగ్గర తాకుతుంది, మొత్తం 2 బిందువులు. ఇప్పుడు కోతని మెల్లగా జరుపుతూ ఎ = 0, బి = 0 దగ్గరికి తీసుకురండి. రెండు బిందువులూ వచ్చి మూలబిందువులో కలిసిపోతాయి, కాబట్టి అక్కడి రింగు డైమెన్షన్ కూడా 2 అవ్వాలి అనుకుంటాం. చేసి చూడండి. జంట తలాల ఐడియల్‌లో ఉన్నవి నాలుగు లబ్ధాలు: ఎక్స్‌జెడ్, ఎక్స్‌డబ్ల్యూ, వైజెడ్, వైడబ్ల్యూ. జెడ్ బదులు ఎక్స్, డబ్ల్యూ బదులు వై పెడితే అవి ఎక్స్², ఎక్స్‌వై, వై² అవుతాయి. వాటిని సున్నా చేశాక మిగిలేవి 1, ఎక్స్, వై. అంటే 3.

రెండు రావలసినచోట మూడు వచ్చింది. ఆ అదనపు ఒకటి ఎక్కడిదంటే, ఈ ఆకారం కోహెన్–మెకాలే కాదు, అక్కడిది. కోహెన్–మెకాలే రింగులో సరైన డైమెన్షన్ దాకా ఎలా కోసినా ఈ లెక్క ఎప్పుడూ సరిపోతుంది, పైగా ఇలాంటి ఒక్క కోతలో సరిపోయినా చాలు, ఆ రింగు కోహెన్–మెకాలే అయినట్టే. రెగ్యులర్ సీక్వెన్స్ అంటే కోతకోతకీ అనుకోని చెత్త ఏదీ పోగుపడకుండా కోయడం. అలా ఎన్ని కోతలు కోయగలమో అదే డెప్త్, అది డైమెన్షన్‌కి సమానమైతే కోహెన్–మెకాలే. ఇక్కడ మొదటి కోత (ఎక్స్ = జెడ్) తర్వాత మిగలాల్సింది రెండు రేఖలు, కానీ అవి కలిసే బిందువు దగ్గర రింగులో ఇంకొంచెం ఏదో దాక్కుని ఉంటుంది, రెండో కోతలో అది లెక్కకొస్తుంది. 'డెప్త్ 1, డైమెన్షన్ 2' అని స్పీకర్ రాసినప్పుడు మీరు చూడాల్సింది ఈ దృశ్యం.

మరి అలాంటిచోట లెక్క సరిచేసే దారే లేదా? ఉంది, ఫ్రెంచ్ గణితవేత్త సెర్ కనిపెట్టాడు. మూడులోంచి టోర్ అనే మాడ్యూల్స్ పొడవుల్ని వరసగా ఒకటి తీసేసి ఒకటి కలుపుతూ పోతే సరైన జవాబు, మన ఉదాహరణలో 2, వచ్చేస్తుంది. ఆకారాలు సరైన డైమెన్షన్‌లో కలుసుకుంటే ఈ సంఖ్య ఎప్పుడూ సున్నా కన్నా ఎక్కువే ఉంటుందా అన్నది ఆయన అప్పుడే వేసిన ప్రశ్న. దానికి తోడుగా ఉన్న ఇంకో ప్రశ్న, డైమెన్షన్లు చాలనప్పుడు ఈ సంఖ్య సున్నా అవుతుందన్నది, 1985లో పాల్ రాబర్ట్స్ ఒకవైపు, గిలే–సూలే జంట ఇంకోవైపు తేల్చేశారు. రుణసంఖ్య కాదని గాబర్ నిరూపించాడు. కచ్చితంగా ధనసంఖ్యేనా అన్నది అన్ని రెగ్యులర్ రింగులకూ ఇప్పటికీ తేలలేదు. రెండు ఆకారాలు ఎన్నిచోట్ల కలుస్తాయి అన్న ప్రశ్నే ఇంత దూరం తీసుకొచ్చిందంటే, ఇది ఆల్జీబ్రా ప్రశ్నా జామెట్రీ ప్రశ్నా అని విడదీయడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: కమ్యుటేటివ్ ఆల్జీబ్రాలో చేయాల్సిందంతా ఎప్పుడో అయిపోయింది, పీహెచ్‌డీకి వేరేది చూసుకో అని మా సీనియర్ ఒకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు, గట్టిగా కాదు. ఒక్క కథ చెప్తాను.

ఒక నునుపైన ఆకారం మీద ఇంకో ఆకారం పొరలుగా కప్పి ఉందనుకోండి, కిందున్న ప్రతి బిందువు పైనా పరిమితమైనన్ని బిందువులే. కిందిదాని రింగు ఆర్, పైదాని రింగు ఎస్. పైన ఉన్న ఫంక్షన్లని కిందికి దింపే ఒక లీనియర్ మ్యాప్, 1ని 1కే పంపేది, ఎప్పుడూ ఉంటుందా? క్యారెక్టరిస్టిక్ సున్నా అయితే, అంటే సున్నా కాని ఏ పూర్ణసంఖ్యతోనైనా భాగించగలిగితే, ఇది రెండు నిమిషాల పని: ఒక్కో బిందువు మీద ఉన్న విలువలన్నీ కూడి, పొరల సంఖ్యతో భాగించడం, అంటే సగటు. కానీ పొరలు పి (ఒక ప్రధాన సంఖ్య) ఉండి, పితో భాగించడానికి వీల్లేకపోతే ఈ సగటు చేతికి రాదు. మెల్విన్ హాక్‌స్టర్ 1970ల మొదట్లో ఇది ఎప్పుడూ ఉంటుందని ఊహించాడు, రింగులో ఒక క్షేత్రం ఉన్న సందర్భాలకు నిరూపించాడు కూడా. మిగిలింది మిక్స్‌డ్ క్యారెక్టరిస్టిక్, అక్కడ పి సున్నా కాదు, అలాగని దానితో భాగించడమూ కుదరదు. డైమెన్షన్ 3 దాకా 2002లో రేమండ్ హైట్‌మన్ చేశాడు. మొత్తంగా తేలింది 2016లో, ఈవ్ ఆండ్రే చేతిలో, అదీ పీటర్ షోల్ట్సె పూర్తిగా వేరే అవసరం కోసం తయారుచేసిన పర్ఫెక్టాయిడ్ స్పేస్‌లు వాడి. నలభై ఏళ్ళు ఆల్జీబ్రా వాళ్ళ దగ్గర ఇరుక్కుపోయిన ప్రశ్నకి తాళంచెవి జామెట్రీ వాళ్ళ దగ్గర దొరికింది.

కథ అక్కడితో ఆగలేదు, ఇచ్చిపుచ్చుకోవడం రెండోవైపు నుంచి కూడా జరిగింది. 2020లో భార్గవ్ భట్, రింగుకి ఇంటెగ్రల్ అయినవన్నీ కలిపేసుకుంటూ పోతే వచ్చే అతిపెద్ద రింగు, పితో కోసి చూస్తే, కోహెన్–మెకాలేలాగే ప్రవర్తిస్తుందని మిక్స్‌డ్ క్యారెక్టరిస్టిక్‌లో చూపించాడు. ఇది నోథర్ చదివినా ప్రశ్న అర్థమయ్యే శుద్ధ ఆల్జీబ్రా వాక్యం. దాన్ని పట్టుకుని మూడు డైమెన్షన్ల ఆకారాల వర్గీకరణని మిక్స్‌డ్ క్యారెక్టరిస్టిక్‌లోకి తీసుకెళ్ళారు. ఇంకోవైపు, 1984లో ఐసన్‌బడ్, గోతో వేసిన ఊహ ఉంది: ఒక ఆకారం సమీకరణాల జటిలత్వం దాని డిగ్రీని బట్టి ఓ హద్దులో ఉంటుందని. వక్రాలకు అది నిజమేనని ముందే తెలుసు. 2018లో వచ్చిన పేపర్‌లో మెకల్లా, పీవా కలిసి అది మొత్తంగా తప్పని ఉదాహరణలు కట్టి చూపించారు. ముప్పై ఏళ్ళకు పైగా చాలామంది నిజమనే అనుకున్న మాట అది. అయిపోయిన సబ్జెక్టులో ఇలాంటివి జరగవు. పీహెచ్‌డీకి ఏది తీసుకోవాలన్నది మీ ఇష్టం, ఈ కారణంతో మాత్రం వదులుకోకండి.

ప్రశ్న: టాక్ చివర 'ఎనీ క్వశ్చన్స్' అన్నప్పుడు చెయ్యెత్తాలని ఉంటుంది, కానీ అందరూ నవ్వుతారేమోనని టెన్షన్. ఏం అడగాలి?

జవాబు: పైన చెప్పిన రెండు సమతలాలని జేబులో పెట్టుకెళ్ళండి. 'మీ సిద్ధాంతం ఈ రింగుకి ఏం చెప్తుందండీ?' అని అడగండి, చాలు. మంచి స్పీకర్ అయితే మొహం వెలిగిపోతుంది, అక్కడికక్కడే లెక్క చేసి చూపిస్తారు, హాల్లో చాలామందికి టాక్ అప్పుడే అర్థమవుతుంది. ఆ సిద్ధాంతం ఈ రింగుకి వర్తించదంటే అదీ మంచిదే, ఏ షరతు దగ్గర తెగిందో చెప్పమనండి, ఆ షరతు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. మాట్లాడేవాళ్ళకు కూడా ఒక మాట: ఒక్క ఉదాహరణ కూడా లేకుండా గంట మాట్లాడితే హాల్లో సగంమంది నష్టపోతారు, ముఖ్యంగా కొత్తవాళ్ళు. మొదటి పది నిమిషాలు ఉదాహరణకే ఇవ్వండి, చివరి లెమ్మా ఒకటి తగ్గినా ఫరవాలేదు.

ప్రశ్న: చేత్తో చేయలేనివి కంప్యూటర్‌లో చూసుకోవచ్చా?

జవాబు: చూసుకోవచ్చు, చూసుకోవాలి. మెకాలే2, సింగ్యులర్ అనే ప్రోగ్రాములు రెండూ ఉచితమే. లోపల నడిచేది 1965లో బుఖ్‌బెర్గర్ తన థీసిస్‌లో ఇచ్చిన పద్ధతి, గ్రోబ్నర్ బేసిస్‌లు. ఒక్క జాగ్రత్త: చలరాశులు, డిగ్రీలు కాస్త పెరిగితే ఈ లెక్క ఊహించనంత పెద్దదైపోతుంది, అలా అయ్యే ఉదాహరణలు ఉన్నాయని 1982లోనే మేయర్, మేయర్ అనే ఇద్దరు నిరూపించారు. అందుకని కంప్యూటర్ కదలకపోతే మీ టైపింగ్‌లో తప్పుందనుకోకండి. చిన్న క్యారెక్టరిస్టిక్‌లో ముందు నడిపి చూడండి.

ప్రశ్న: నాలాంటి స్టూడెంట్‌కి కూడా అర్థమయ్యేలా ఉండి, ఇంకా ఎవరూ చేయని ప్రశ్న ఒకటి చెప్పగలరా?

జవాబు: చెప్తాను. ముందు అయిపోయినది చూపిస్తా, తర్వాత మిగిలినది.

ఎస్³, ఎస్²టి, ఎస్‌టి², టి³ అనే నాలుగింటినీ వరసగా ఎ, బి, సి, డి అనండి. ఇవి మూడు డైమెన్షన్ల ప్రొజెక్టివ్ స్పేస్‌లో ఒక వక్రాన్ని ఇస్తాయి, ట్విస్టెడ్ క్యూబిక్ అంటారు. దాని ఐడియల్‌కి మూడు సమీకరణాలు కావాలి: ఎసి = బి², ఎడి = బిసి, బిడి = సి². రెంటితో సరిపెట్టలేం, ఉదాహరణకి మొదటి రెండూ తీసుకుంటే ఎ = బి = 0 అనే అక్కర్లేని సరళరేఖ కూడా వెంట వచ్చేస్తుంది. కానీ బిందువులు మాత్రమే కావాలి, ఐడియల్ అక్కర్లేదంటే రెండు తలాలు (ఇవి సమతలాలు కావు, ఒక్కో సమీకరణం ఇచ్చే వంపు తలాలు) చాలు. ఎసి = బి² ఒకటి, సి³ − 2బిసిడి + ఎడి² = 0 ఇంకోటి. ఎ = 1 పెట్టండి, మొదటిదాన్నుంచి సి = బి², రెండోదాంట్లో వేస్తే అది (డి − బి³)² = 0 అయి కూర్చుంటుంది, అంటే డి = బి³, సరిగ్గా మన వక్రం. ఎ = 0 అయితే బి, సి కూడా సున్నా అయి ఒక్క బిందువే మిగులుతుంది, అదీ వక్రం మీదిదే.

ఇప్పుడు ఎస్⁴, ఎస్³టి, ఎస్‌టి³, టి⁴ తీసుకోండి. మధ్యలో ఎస్²టి² లేదు, గమనించారా? ఆ లేని ఒక్క పదం వల్లే ఈ రింగు కోహెన్–మెకాలే కాకుండా పోయింది: ఎస్²టి² రింగులో లేదు గానీ, ఉన్న నాలుగింటిలో దేనితో గుణించినా రింగులోకి వచ్చేస్తుంది. ఈ వక్రాన్ని రెండు తలాలు కలిసేచోటుగా రాయగలమా? క్యారెక్టరిస్టిక్ పి అయితే (అంటే పి సున్నా అయ్యేచోట), ఏ పి అయినా సరే, రాయొచ్చని హార్ట్‌షోర్న్ 1979లో చూపించాడు. అంతకుముందు ఏడాదే కౌసిక్, నోరి ఇద్దరూ క్యారెక్టరిస్టిక్ పిలో ఏ అఫైన్ వక్రానికైనా అది ఉన్న స్థలం డైమెన్షన్ కన్నా ఒకటి తక్కువ సమీకరణాలే చాలని నిరూపించారు. కాంప్లెక్స్ సంఖ్యల మీద మాత్రం ఈ ఒక్క వక్రానికి జవాబు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇది ఎడి = బిసి అనే తలం మీద పడుకుని ఉంది, ఆ తలాన్నే రెంటిలో ఒకటిగా తీసుకుంటే కుదరదని మాత్రం తెలుసు. మీరు మొదలుపెట్టేటట్టయితే అది ఎందుకు కుదరదో సొంతంగా తేల్చుకోవడంతో మొదలుపెట్టండి, ఆ తలం మీది వక్రాలకు రెండు డిగ్రీలుంటాయి, మన వక్రానికి అవి 1, 3.